అంతరిక్ష నౌకాదళం కథ రాయాలంటే ముందు ట్యాంకర్ గీయండి

సైన్స్ ఫిక్షన్ కథ రాద్దామని కూర్చున్న ప్రతివాళ్ళూ ముందు పెద్ద యుద్ధనౌక బొమ్మే గీస్తారు, రెండు కిలోమీటర్ల పొడుగు, చుట్టూ ఫిరంగులు, మధ్యలో అద్దాల గదిలో అడ్మిరల్. నేనూ అలానే మొదలుపెట్టా, నోట్‌బుక్‌లో ముప్పై పేజీలు నిండాయి గానీ కథ కదల్లేదు, ఎందుకు కదలట్లేదో చాన్నాళ్ళు తెలీలేదు. తెలిసింది ఎక్కడంటే బెజవాడ సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళ మేడ మీద. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు కింద అంతస్తు మొత్తం నీళ్ళు, మేం పదకొండు మంది పైన, ఉన్న రెండు టిన్నుల మంచినీళ్ళు ఎన్ని రోజులొస్తాయా అని లెక్కేసుకుంటూ కూర్చున్నాం. సందుల్లో పడవలు, ట్రాక్టర్లు, పైన డ్రోన్లు పొట్లాలు మోస్తున్నాయి, అందరం వాటికేసే చూస్తుంటే మా బాబాయ్ మాత్రం ఒకటే అడుగుతున్నాడు, "ఈ పడవకి డీజిల్ ఎవరు తెచ్చిస్తున్నార్రా, అది ఆగితే మన సంగతేంటి" అని. నా నౌకాదళం ఆ ప్రశ్న దగ్గర మళ్ళీ మొదలైంది, ఈసారి ఆగలేదు. ఆ పద్ధతే వరసగా చెప్తా, మీరు పక్కన ఒక చిట్టా పుస్తకం పెట్టుకుని నాతో పాటు లెక్కలు రాసుకుంటూ రండి.

మొదటి మెట్టు: ఈ దళం దేనికి కాపలా?

నిజం సముద్రంలో విమానవాహక నౌక ఒంటరిగా తిరగదు. మన ఐఎన్ఎస్ విక్రాంత్‌నే తీసుకోండి, 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నౌకాదళంలో చేరింది, 262 మీటర్ల పొడుగు, సుమారు 45 వేల టన్నులు. అలాంటి నౌక బయల్దేరితే పక్కన డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, అవసరాన్ని బట్టి నీళ్ళకింద ఒక జలాంతర్గామి, వెనక ఇంధనం మోసే ట్యాంకర్. ఒక్కోదానికి ఒక్కో పని, ఒకటి విమానాల నుంచి కాస్తది, ఒకటి జలాంతర్గాముల్ని వెతుకుద్ది, ఒకటి మిగతా అందరికీ నూనె పోస్తది. దాన్నే బ్యాటిల్ గ్రూప్ అంటారు, అంటే నౌకల గుంపు కాదు, పనుల పంపకం.

కాబట్టి ముందు రాయాల్సింది నౌకల పేర్లు కాదు, ఒకే ఒక్క వాక్యం: ఈ దళం ఫలానాదాన్ని ఫలానా చోట నుంచి ఫలానా చోటికి పోనివ్వాలి. నా వాక్యం ఇది: అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే మరుగుజ్జు గ్రహం సెరిస్ నుంచి ఐసు మోసుకొచ్చే మూడు బార్జీలు, అంటే సరుకు నౌకలు, అంగారకుడి చందమామ ఫోబోస్ దగ్గరున్న డిపోకి క్షేమంగా చేరాలి.

ఇక్కడ తెలివైన పాఠకుడు అడుగుతాడు, అంగారకుడి మీదే ఐసు ఉందిగా, అంత దూరం నుంచి ఎందుకు అని. ఉంది, ధ్రువాల దగ్గర బోలెడుంది. కానీ అంగారకుడి నేల మీద నుంచి తప్పించుకుని బయటికి రావాలంటే సెకనుకి 5 కి.మీ. వేగం కావాలి, సుమారు 940 కి.మీ. వ్యాసం ఉన్న చిన్న సెరిస్ మీద నుంచైతే అర కిలోమీటరు చాలు. వేగం పదోవంతు అంటే ఖర్చయ్యే శక్తి వందోవంతు. నీళ్ళని విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్, అంటే రాకెట్ ఇంధనం. గురుత్వం ఒక బావి అనుకుంటే, లోతు తక్కువున్న చోట నీళ్ళు తోడుకోవడం సులువు, అంతే సంగతి. మీ కథలో సరుకు ఏదైనా సరే, అది అక్కడ్నించే ఎందుకు రావాలో ఇలా రెండు లైన్లలో చెప్పలేకపోతే ఆ సరుకు మార్చేయండి.

రెండో మెట్టు: దూరాలు గడియల్లో కొలవండి

ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎవరైనా వాడుకోండి. కాంతి సెకనుకి 3 లక్షల కి.మీ. పోద్ది, రేడియో సందేశం కూడా అంతే. చంద్రుడు సగటున 3.84 లక్షల కి.మీ., అంటే సందేశానికి సెకనూ పావు పైన. సూర్యుడు 15 కోట్ల కి.మీ., ఎనిమిది నిమిషాల పైన. ఇలా కిలోమీటర్లు, నిమిషాలు కలగాపులగంగా రాస్తుంటే కథలో బరువుగా ఉండేది, ఒకరోజు మా అమ్మమ్మ పంచాంగం చూస్తూ గడియలు, విఘడియలు అంటుంటే తట్టింది. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60. విఘడియ అంటే 24 సెకన్లు. మరి ఒక విఘడియలో కాంతి పోయే దూరం 72 లక్షల కి.మీ., ఒక గడియలో పోయేది 43.2 కోట్ల కి.మీ. భూమికి అంగారకుడు బాగా దూరంగా ఉన్నప్పుడు 40 కోట్ల కి.మీ. ఉంటాడు, అంటే గడియకి కొంచెం తక్కువ! "శత్రువు మూడు విఘడియల దూరంలో ఉన్నాడు" అని మీ కెప్టెన్ అంటే దాంట్లోనే దూరం ఉంది, కబురు చేరే ఆలస్యమూ ఉంది.

సెరిస్ నుంచి ఫోబోస్‌కి కబురు, రెండూ దగ్గరగా ఉన్నప్పుడు పది నిమిషాల చిల్లర, సూర్యుడికి చెరో పక్కనా ఉన్నప్పుడు అరగంట పైనే. నేను కథలో సగటున ఒక గడియ అనుకున్నా. అంటే దారిలో ఏదన్నా జరిగితే హెడ్‌క్వార్టర్స్‌ని అడిగి జవాబు తెచ్చుకోడానికి రెండు గడియలు, అంటే ముప్పావుగంట పైన. ఈ ఆలస్యమే మీ కథకి పెట్టుబడి, దాన్ని ఏదో మాయ ఫోనుతో కొట్టేయొద్దు.

ప్రయాణం కూడా లెక్కేయండి. ఇంధనం పొదుపుగా వాడే దారిలో సెరిస్ నుంచి అంగారకుడికి దాదాపు 19 నెలలు. అదే ఎప్పుడూ 1 జీ త్వరణంతో, అంటే భూమి మీద కింద పడే వస్తువు వేగం పెరిగినట్టు, పోగలిగే ఇంజిన్ ఉందనుకోండి, అరరోజు వేగం పెంచి అరరోజు తగ్గిస్తే ఒక్క రోజులో 1.8 కోట్ల కి.మీ. దాటొచ్చు. ఈ రెండిటి మధ్యలో మీ ఇంజిన్ ఎక్కడుందో తేల్చుకోవాలి, అది తేలితేనే తర్వాత మెట్టు.

మూడో మెట్టు: ట్యాంకర్

ఇక్కడ నెమ్మదిగా చదవండి, మొత్తం వ్యవహారం ఇక్కడే ఉంది.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 వెళ్ళింది గుర్తుందిగా, ఆ ఎల్‌వీఎం3 రాకెట్ బయల్దేరేటప్పుడు బరువు సుమారు 640 టన్నులు, మోసుకెళ్ళిన చంద్రయాన్ 3.9 టన్నులు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఇంధనమే. ఎందుకంటే ఇంధనాన్ని మోయడానికి కూడా ఇంధనం కావాలి. 1903లో రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ అచ్చేసిన సూత్రం చెప్పేది ఇదే: మీ ఇంజిన్ వెనక్కి తోసే వాయువు ఎంత వేగంతో పోతుందో అంత వేగం నౌకకి రావాలంటే బయల్దేరే బరువు ఖాళీ బరువుకి 2.72 రెట్లు ఉండాలి. దానికి రెట్టింపు వేగం కావాలంటే 7.4 రెట్లు. మూడింతలు కావాలంటే 20 రెట్లు.

లెక్కలో పెట్టండి. ఖాళీగా 1,000 టన్నుల నౌక, ఇంజిన్ వాయువు వేగం సెకనుకి 30 కి.మీ. ఆ నౌక మొత్తం ప్రయాణంలో 30 కి.మీ. వేగం మార్చుకోవాలంటే 1,720 టన్నుల ఇంధనం. 60 కావాలంటే సుమారు 6,400 టన్నులు. 90 కావాలంటే 19 వేల టన్నులు. వేగం మూడింతలైతే ఇంధనం పదకొండింతలు! అందుకే యుద్ధనౌక తన ఇంధనం మొత్తం తనే మోసుకుని తిరగలేదు, మోస్తే అది యుద్ధనౌక కాదు, తొట్టి. ఎవరో ఒకరు దారిలో పోయాలి.

ఇంకోటి, అంతరిక్షంలో ఇంజిన్ ఆపితే నౌక ఆగదు, అలా పోతూనే ఉంటది. రోడ్డు మీద పెట్రోల్ అయిపోతే బండి పక్కకి పెట్టి ఆటో ఎక్కొచ్చు, అక్కడ ఇంధనం అయిపోయిందంటే అర్థం "ఆగలేం" అని. ఈ ఒక్క ముక్క మనసుకి పడితే మీ కథలో ప్రతి సీనూ మారిపోద్ది. నౌక నడిపే గదిలో ఎవడూ "ఫుల్ స్పీడ్" అని అరవడు, "తిరిగి రావడానికి ఎంత మిగుల్తుంది" అని అడుగుతాడు.

కాబట్టి చిట్టా పుస్తకంలో మొదటి పేజీ ట్యాంకర్‌ది. దాంట్లో ఎంత ఉంది, రోజుకి ఎవరికి ఎంత పోస్తుంది, అందరికీ పోశాక తను ఆగడానికి ఎంత ఉంచుకోవాలి, ఈ మూడు రాయండి. నేను నా ట్యాంకర్‌కి "అన్నపూర్ణ" అని పేరు పెట్టి, దాని కెప్టెన్‌ని దళంలో అందరికన్నా అనుభవం ఉన్న మనిషిగా రాశా. తుపాకీ ఎక్కువున్నవాడికి కాదు, ఇంధనం లెక్క తెలిసినవాళ్ళకి గౌరవం ఉండే నౌకాదళం అది.

నాలుగో మెట్టు: వేడి

మే నెల్లో బెజవాడలో ఏసీ వేస్తే గదిలో వేడి బయటికి పోయి వీధిలో గాలిలో కలుస్తది. అంతరిక్షంలో బయట గాలే లేదు, వేడి ఎవరికి ఇస్తారు? నౌక ఒక పెద్ద ఫ్లాస్కు లాంటిది, ఇంజిన్, రియాక్టర్, లేజర్, మనుషులు అందరూ కలిసి లోపల వేడి పుట్టిస్తుంటారు, అది పోయే దారి ఒక్కటే, రేడియేటర్ రెక్కలు వేడెక్కి కాంతిలా, పరారుణ కిరణాల్లా వెలువరించడం. ఎంత వేడి పోద్ది అనేది ఉష్ణోగ్రత (కెల్విన్‌లో, అంటే సెల్సియస్‌కి 273 కలిపి) నాలుగో ఘాతం మీద ఆధారపడుద్ది.

ఈ లెక్క చేసి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. 100 మెగావాట్ల వేడి వదిలించుకోవాలనుకోండి. రెక్క 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే మామూలు గది వేడి దగ్గర ఉంటే రెండు పక్కలా వెలువరించినా 27 ఎకరాల రెక్క కావాలి. అదే రెక్కని 927 డిగ్రీల దాకా కాగనిస్తే పదిన్నర సెంట్లు సరిపోద్ది. ఎకరాల నుంచి సెంట్లకి! అందుకని యుద్ధనౌకల రెక్కలు ఎర్రగా కాలుతుంటాయి, సరుకు బార్జీలవి చల్లగా పెద్దగా తెరచాపల్లా పరుచుకునుంటాయి. బొమ్మ గీసేటప్పుడు ఈ తేడా చూపిస్తే నౌక ఏ పని చేస్తుందో పాఠకుడికి చెప్పకుండానే తెలుస్తది.

దీన్నుంచి రెండు పరిణామాలు. ఒకటి, దాక్కోవడం చాలా కష్టం, చుట్టూ ఆకాశం సున్నాకి 270 డిగ్రీల కింద ఉంటే మధ్యలో మీ నౌక కుంపటిలా కనపడుద్ది. రెండు, రేడియేటర్ రెక్కే నౌక ప్రాణం, మందపాటి కవచం వెయ్యలేం, వేస్తే వేడి పోదు. యుద్ధంలో రెక్కలు ముడుచుకుంటే దెబ్బ తగలదు గానీ లోపల మనుషులు ఉడుకుతారు. ఎంతసేపు ముడుచుకుని ఉండగలరు అనేది ప్రతి నౌకకీ ఒక అంకె పెట్టుకోండి, నా డిస్ట్రాయర్‌కి ఒక గడియ. మంచి ఉత్కంఠ సీను రాయాలంటే బాంబులక్కర్లేదు, ఆ గడియ ఎలా గడిచిందో రాస్తే చాలు.

ఐదో మెట్టు: ఒక్కో నౌక ఒక్కో పని

ఇప్పుడు నౌకలు. కాపాడాల్సినవి మూడు బార్జీలు, ప్రాణం ట్యాంకర్, మిగతావి వాటి చుట్టూ.

వాహక నౌక. ఫైటర్ విమానాలు, వాటిల్లో కుర్ర పైలెట్లు అని అందరూ రాస్తారు. నా అభిప్రాయం గట్టిగా చెప్తా, మనిషి కూర్చునే ఫైటర్ అంతరిక్షంలో గిట్టుబాటు కాదు. అది వెళ్ళాలంటే ఒకసారి వేగం పెంచాలి, అక్కడ ఆగడానికి ఒకసారి తగ్గించాలి, తిరిగి రావడానికి మళ్ళీ పెంచాలి, ఇంటి దగ్గర మళ్ళీ తగ్గించాలి, నాలుగు సార్లు. తిరిగి రానక్కర్లేని క్షిపణికి ఒక్కసారి చాలు. ఒక్కసారికి బరువు రెట్టింపు కావాల్సి వస్తే నాలుగుసార్లకి పదహారు రెట్లు అవుద్ది. కాబట్టి వాహక నౌకలో మనుషుల్లేని డ్రోన్లు పెట్టండి, పైలెట్ కథే కావాలంటే దూరం నుంచి డ్రోన్ నడిపే మనిషిని, కబురు ఆలస్యంతో కుస్తీ పట్టే మనిషిని రాయండి, అది ఇంకా బావుంటది.

డిస్ట్రాయర్. దీని పని వచ్చే క్షిపణుల్ని, రాళ్ళని దారిలోనే కొట్టడం. అంతరిక్షంలో పేలుడు పదార్థం పెద్దగా అక్కర్లేదు, వేగమే పేలుడు. సెకనుకి 3 కి.మీ. వేగంతో తగిలే వస్తువు దాదాపు తన బరువంత టీఎన్‌టీతో సమానం. పదింతల వేగం అంటే 30 కి.మీ. అయితే వందింతలు. గుంటూరు యార్డులో ఒక మిర్చి టిక్కీ, అంటే బస్తా, 40 కిలోలనుకోండి, అది ఆ వేగంతో వచ్చి తగిలితే నాలుగు టన్నుల పైచిలుకు టీఎన్‌టీ పేలినట్టు. 2024 వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్‌లని, అంటే గేటు ఎత్తడానికి సాయపడే బరువుల్ని, గుద్ది దెబ్బతీయడం మనం చూశాం, వాటిల్లో మనిషి లేడు, ఆయుధం లేదు, ఉన్నది బరువూ వేగమే. అందుకే డిస్ట్రాయర్ కెప్టెన్‌కి అసలు తలనొప్పి ఏంటంటే తను పగలగొట్టిన క్షిపణి ముక్కలు కూడా అదే వేగంతో ఇటే వస్తుంటాయి. దూరంగా ఉన్నప్పుడే కొట్టాలి, అందుకని డిస్ట్రాయర్ గుంపుకి బాగా ముందుండాలి.

లేజర్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ దానికీ హద్దుంది. మీటరు వెడల్పు అద్దంతో పరారుణ లేజర్ కొడితే వెయ్యి కి.మీ. దూరంలో చుక్క సుమారు రెండున్నర మీటర్లు అవుద్ది, పదివేల కి.మీ. అయితే 24 మీటర్లు, శక్తి వందోవంతుకి పలచబడుద్ది. దగ్గర్లో కత్తి, దూరంలో దీపం. పెద్ద అద్దం పెడితే దూరం పెరుగుద్ది, ఆ అద్దం మళ్ళీ పగిలే వస్తువు.

జలాంతర్గామి లాంటిది కావాలని అందరికీ ఉంటది. నీళ్ళు లేవు కాబట్టి దాక్కునే చోటు మీరు కనిపెట్టాలి: గ్రహశకలం నీడ, సూర్యుడి మిలమిల, లేదా మామూలు సరుకు నౌకల్లో ఒకటిగా కలిసిపోవడం. మూడోదే నాకు నచ్చింది. విశాఖ బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్ళి చూడండి, 2001 దాకా పనిచేసిన నిజం జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం, బెజవాడ నుంచి రైల్లో 350 కి.మీ. 91 మీటర్ల గొట్టంలో మంచాల మీద మంచాలు, తల వంచి దాటే గుండ్రటి తలుపులు, పక్కనే టార్పెడోలు. నేను లోపల అరగంట నిలబడి గది వెడల్పు నా చేతులు చాపి కొలిచా, ఆ తర్వాతే నా నౌకల్లో కారిడార్లు ఇరుకయ్యాయి.

సైజుల విషయంలో ఒక కొలబద్ద: ప్రకాశం బ్యారేజీ 1,223 మీటర్లు, దాని మీద నాలుగున్నర విక్రాంత్‌లు వరసగా పడతాయి. మీ నౌక బ్యారేజీ కన్నా పొడుగుంటే ఎందుకో కారణం రాయండి.

ఆరో మెట్టు: ఎవరు ఎంత దూరంలో

ఇది క్లుప్తంగా చెప్తా. సినిమాల్లో నౌకలన్నీ పక్కపక్కనే ఆటోల్లా ఉంటాయి, అలా ఉంటే ఒక దెబ్బకి అన్నీ పోతాయి, ఒకదాని ఇంజిన్ మంట ఇంకోదానికి తగులుద్ది. ట్యాంకర్, బార్జీలు మధ్యలో ఒకదానికొకటి వంద కిలోమీటర్ల దూరం, వాహక నౌక వెయ్యి కి.మీ. పక్కన, డిస్ట్రాయర్లు ముందూ వెనకా పదివేల కి.మీ., ముందు కళ్ళ లాంటి చిన్న డ్రోన్లు లక్షల కి.మీ. ఆవల. సముద్రంలో లాగా దిగంతం అడ్డం లేదు, పైనా కిందా కూడా కాయాలి, కాబట్టి వలయం కాదు, గోళం గీయండి. ఇంధనం పోసేటప్పుడు మాత్రం రెండు నౌకలు గొట్టంతో కలిసి ఉండాలి, వేగం మార్చకూడదు, రేడియేటర్లు విప్పి ఉంచాలి. శత్రువు ఎప్పుడు వస్తాడు? అప్పుడే.

ఏడో మెట్టు: మనుషులు, తిండి, జాములు

మూడొందల మంది, 19 నెలలు, మనిషికి రోజుకి అరకిలో బియ్యం అనుకుంటే 85 టన్నుల పైన, 25 కిలోల బస్తాలు మూడువేల నాలుగొందలు. ఇది పోయేదారికే. నీళ్ళు మాత్రం ఇంత మోయక్కర్లేదు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనే చెమట, మూత్రం, గాలిలో తేమ అన్నీ శుభ్రం చేసి 98 శాతం నీళ్ళు వెనక్కి తీసుకునే దశకి 2023లో వచ్చారు. అక్కడ ఉప్పు, మిరియాలు ద్రవంగా వాడతారు, పొడి చల్లితే గాల్లో తేలి కళ్ళల్లో, మెషీన్లలో పడుద్ది కాబట్టి. మరి మన కందిపొడి సంగతి? నా కథలో నెయ్యితో కలిపి ముద్దలుగా కట్టి ట్యూబుల్లో పెడతారు, ఆవకాయకి ఇబ్బందే లేదు, నూనెలో ముక్క నూనెలోనే ఉంటది, ఏడాది నిలవా ఉంటది. వంటగది ఇన్‌చార్జి దగ్గర ఆఖరి జాడీ ఎప్పుడు తీయాలా అనే నిర్ణయం కూడా దళం లెక్కల్లో భాగమే.

గురుత్వం కావాలంటే నౌకలో చక్రం తిప్పాలి. నిమిషానికి రెండు చుట్లు తిరిగే చక్రంలో భూమి మీద ఉన్నంత బరువు రావాలంటే వ్యాసార్ధం 223 మీటర్లు ఉండాలి. చిన్న చక్రం గబగబా తిప్పితే తల తిరుగుద్ది. అంత పెద్దది యుద్ధనౌకకి పెట్టలేం, ట్యాంకర్‌కి పెట్టండి, సెలవు దొరికిన సిబ్బంది నడవడం కోసం ట్యాంకర్‌కి వస్తారు. అన్నపూర్ణ చుట్టూ కథ తిరగడానికి ఇదింకో కారణం.

డ్యూటీలు జాముల్లో పెట్టా. జాము అంటే మూడు గంటలు, రోజుకి ఎనిమిది, ఓడల మీద నాలుగు గంటల కాపలా వంతుల పద్ధతి కన్నా మన చెవికి దగ్గరగా ఉంటది. "నాది మూడో జాము, నిద్రపోనీ" అంటే పాఠకుడికి వివరణ అక్కర్లేదు.

హోదాలు కొత్తగా కనిపెట్టొద్దు. విశాఖలో ఉండే తూర్పు ఫ్లీట్‌కి రియర్ అడ్మిరల్ అధిపతి, కింద కెప్టెన్లు, కమాండర్లు, ఆ పేర్లే తెలుగు పాఠకుడికి తెలుసు. కానీ కింది వాళ్ళకి మన నదుల మాటలు ఉన్నాయి, లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటాం, ఓడ పనివాణ్ణి కళాసీ అంటాం. నా కథలో డ్యూటీలో అందరూ "కెప్టెన్ గారూ" అనే అంటారు, డ్యూటీ దిగాక చుక్కాని దగ్గరుండే పెద్దాయన్ని "సరంగు బాబాయ్" అంటారు, ఆయన అడ్మిరల్ని తప్ప అందర్నీ "ఏరా అబ్బాయ్, ఏమ్మా" అంటాడు. ఇది పెట్టగానే ఆ నౌక మన ఊరిదైపోయింది.

పేర్లకి ఒక నియమం పెట్టుకోండి, పేరు వినగానే ఏ రకమో తెలియాలి. మన నౌకాదళంలోనూ పద్ధతి ఉంది, ఈ మధ్య డిస్ట్రాయర్లకి విశాఖపట్నం లాంటి ఊళ్ళ పేర్లు, ఫ్రిగేట్లకి నీలగిరి లాంటి కొండల పేర్లు. నేను డిస్ట్రాయర్లకి కోటలు పెట్టా, కొండవీడు, కొండపల్లి. బార్జీలకి ఏర్లు, మున్నేరు, పాలేరు, బుడమేరు. ముందు తిరిగే డ్రోన్లకి పిట్టలు, పాలపిట్ట, లకుముకి. బుడమేరు పేరు పెట్టడానికి చాలా ఆలోచించా, ముంచిన ఏరు పేరే నీళ్ళు మోసే నౌకకి ఉండాలనిపించింది, ఉంచేశా.

ఆఖరి మెట్టు: డాబా మీద ఆడి చూడండి

రాసే ముందు ఒకసారి ఆడాలి, కాగితం మీద కనపడని తప్పులు ఇక్కడ దొరుకుతాయి. డాబా మీద సుద్దముక్కతో గళ్ళు గీయండి. ఒక గడి 4,320 కి.మీ., ఒక ఆట వంతు ఒక గడియ. అప్పుడు వంతుకి ఒక గడి కదలడం అంటే సెకనుకి 3 కి.మీ. వేగం. నౌకలకి నేను కొండపల్లి వెళ్ళినప్పుడు బొమ్మలు చెక్కే తెల్ల పొణికి చెక్క తుండ్లు కొన్ని అడిగి తెచ్చుకున్నా, బాగా తేలిగ్గా ఉంటాయి, సీసా మూతలైనా సరే. ఇంధనానికి చింతపిక్కలు.

నియమాలు నాలుగే. పోయిన వంతులో ఎన్ని గళ్ళు కదిలితే ఈ వంతులో కూడా అదే దిక్కుకి అన్ని గళ్ళు కదలాల్సిందే. దాన్ని ఒక గడి పెంచాలన్నా తగ్గించాలన్నా ఒక చింతపిక్క ఇచ్చేయాలి. రెండు నౌకలు ఒకే గడిలో ఒకే వేగంతో ఉంటేనే పిక్కలు మార్చుకోవచ్చు. హెడ్‌క్వార్టర్స్ ఆడేవాళ్ళు కింద గదిలో కూర్చోవాలి, వాళ్ళ చీటీ ఒక వంతు ఆలస్యంగా పైకొస్తది, పైవాళ్ళది ఒక వంతు ఆలస్యంగా కిందకెళ్తది. కొండవీడుకి పది పిక్కలు, అన్నపూర్ణకి ఇరవై, ఫోబోస్ దగ్గర ఆగడానికి బార్జీకి మూడేసి చొప్పున తొమ్మిది కావాలి, అవి కూడా అన్నపూర్ణ ఇవ్వాల్సిందే. బార్జీల గుంపుని ఒక గడిలో కదలకుండా ఉంచి, మిగతావాటి వేగం దానితో పోల్చి లెక్కేసుకుంటే సులువు.

మేం ఆడిన మొదటి రాత్రి కొండవీడు మా తమ్ముడిది. శత్రువు డ్రోన్ కనపడగానే ఆరు పిక్కలు వాడి వెంటపడ్డాడు, వంతుకి ఆరు గళ్ళు, డ్రోన్‌ని కొట్టేశాడు కూడా. అప్పుడు చేతిలో చూసుకుంటే నాలుగే ఉన్నాయి. నాలుగూ వాడితే వేగం రెండుకి తగ్గింది, ఇక ఆగలేదు, వంతుకి రెండు గళ్ళ చొప్పున వాటర్ ట్యాంక్ వైపు పోతానే ఉంది. అన్నపూర్ణ మా పిన్నిది. ఆవిడ లెక్కేసింది: వాడి వెంట పోవాలంటే మూడు, పక్కన చేరి వేగం కలపడానికి ఒకటి, ఆగడానికి రెండు, తిరుగు దారికి ఒకటి, మళ్ళీ ఇక్కడ ఆగడానికి ఒకటి, తనకే ఎనిమిది. వాడు ఆగడానికి రెండు, తిరిగి రావడానికి ఒకటి, చేరాక ఆగడానికి ఒకటి, నాలుగు. మొత్తం పన్నెండు. ఇరవైలో పన్నెండు పోతే ఎనిమిది. బార్జీలకి తొమ్మిది కావాలి.

ఒక్క చింతపిక్క తక్కువ. కింద గదికి చీటీ రాసి పంపింది, ఏం చెయ్యమంటారు అని. జవాబు రావడానికి రెండు వంతులు, ఈలోపు కొండవీడు ఇంకో నాలుగు గళ్ళు దాటిపోద్ది. పిన్ని పిక్కలు చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత జవాబు కోసం ఆగకుండా మూడు పిక్కలు తీసి గళ్ళ మధ్యలో పెట్టి బుడమేరు తుండుని చేత్తో పక్కకి తీసిపెట్టింది. నా మొదటి అధ్యాయం ఆ వంతు నుంచే రాశా. మీరు ఆడేటప్పుడు కూడా పిక్కలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ప్రతి వంతుకీ చిట్టా పుస్తకంలో రాసుకోండి, సరిపోని వంతు వచ్చినప్పుడు ఆట ఆపి, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.